స్టేషనుకు ముందు నేల పరీక్ష

సింగపూరులోని లావెండర్ వీధి పేరు విని పూలతోటలను ఊహించుకొనేవారు కొంత నిరాశకు సిద్ధపడాలి. పందొమ్మిదవ శతాబ్దంలో ఆ ప్రాంతపు కూరగాయల మళ్లకు మానవ మలాన్నే ఎరువుగా వేసేవారు. ఆ దుర్గంధాన్ని పరిహసిస్తూనే 1858లో వీధికి అంతటి పరిమళభరితమైన పేరు పెట్టారని ప్రతీతి. నేడు అదే పేరుతో అక్కడ ఒక భూగర్భ ఎమ్.ఆర్.టి. స్టేషను ఉంది. 1989 నవంబరులో అది ప్రారంభమైంది.

ఎరువును మట్టిలోని సూక్ష్మజీవులు ఏనాడో జీర్ణం చేసుకొన్నాయి. అంత సులభంగా జీర్ణం కాని పదార్థాలను పుట్టించే పరిశ్రమ కూడ ఆ సమీపంలోనే, కల్లాంగ్ నది ఒడ్డున వెలిసింది. 1862లో నిర్మించిన గ్యాసు కర్మాగారమది. 1864లో నగరపు వీధి దీపాలు ఆ గ్యాసుతోనే వెలిగాయి. హొక్కియన్ మాట్లాడే స్థానికులు దానిని ‘అగ్నినగరం’ అని పిలిచేవారు. మొదట బొగ్గుతోను, తరువాతి కాలంలో చమురుతోను నడిచిన ఆ కర్మాగారం 1998 మార్చిలో మూతపడింది. ఆ స్థలం ఉన్న కాంపొంగ్ బుగిస్‌ను నివాస ప్రాంతంగా తీర్చిదిద్దాలని సంకల్పించిన ప్రభుత్వం, అందుకు ముందు నేలను శుద్ధి చేయడం అవసరమని ప్రకటించింది.

బొగ్గును గాలి తగలకుండా తీవ్రంగా వేడిచేస్తే గ్యాసుతోపాటు నల్లని తారు వెలువడుతుంది. అందులో బెంజీను, నాఫ్తలీను, ఫినాలులు, బెంజోపైరీను వంటి కాన్సరు కారకాలు ఉంటాయి. గ్యాసులోని హైడ్రోజన్ సల్ఫైడును, సయనైడును తొలగించడానికి దానిని ఐరన్ ఆక్సైడు, అంటే ఒక విధంగా తుప్పు, గుండా పంపేవారు. కొంతకాలానికి ఆ తుప్పు సయనైడుతో కలిసి నీలిరంగుకు మారుతుంది. చిత్రకారులు వాడే ప్రష్యన్ నీలం కూడ ఈ పదార్థమే! పాత రోజులలో ప్రపంచమంతటా ఇటువంటి కర్మాగారాలు ఈ నీలి మట్టిని, పనికిరాని తారును తమ ఆవరణలోనే గోతులు తీసి పూడ్చిపెట్టడం సాధారణం. అందువల్ల ఎక్కడైనా త్రవ్వకంలో నీలి మట్టి కనిపిస్తే రసాయనజ్ఞుడు వెంటనే పని ఆపమంటాడు.

ఇంటి పునాదికీ, భూగర్భ స్టేషనుకూ ఇక్కడ ఒక ముఖ్యమైన భేదం ఉంది. ఇంటి పునాది తన స్థలంలోని మట్టిని మాత్రమే కదిలిస్తుంది. స్టేషను కోసం ఇరవై మీటర్లకు పైగా త్రవ్వేటప్పుడు గోతిలో ఊరే నీటిని నిరంతరం తోడివేయాలి. అలా తోడినకొద్దీ చుట్టుప్రక్కల భూగర్భజలం గోతివైపు ప్రవహిస్తుంది, పొరుగు స్థలంలోని కాలుష్యాన్ని వెంటబెట్టుకొని వస్తుంది. నీటికంటె బరువైన తారు క్రిందికి దిగుతుంది. తేలికైన బెంజీను నీటి ఉపరితలంపై తేలుతుంది. సింగపూరు లోతట్టు ప్రాంతాలలోని మెత్తటి సముద్రపు బంకమన్నుకు భూగర్భ శాస్త్రజ్ఞులు కల్లాంగ్ పేరే పెట్టారు. ఆ బంకమన్ను ద్రవాలను చాలవరకు నిరోధిస్తుంది కాని, మధ్యమధ్య వచ్చే ఇసుక పొరలు వాటికి రహదారులవుతాయి. కనుక స్టేషను సరిహద్దులోపల మాత్రమే పరీక్షించి ‘నేల శుభ్రం’ అని ధ్రువపత్రం ఇవ్వడం సగం పరీక్ష మాత్రమే. పొరుగు స్థలాల చరిత్ర కూడ చదవాలి.

చరిత్ర చదవడం అన్న మాటను అక్షరాలా తీసుకోవాలి. నేల పరీక్షలో మొదటి పనిముట్టు బోరు యంత్రం కాదు, పాత పటం. ఏ సంవత్సరంలో అక్కడ ఏ షెడ్డు ఉండేది, ఏ ట్యాంకు ఎటువైపు ఉండేది, విమానం నుండి తీసిన ఛాయాచిత్రాలలో ఏ గుంట ఎప్పుడు మాయమైంది, ఇవన్నీ పరిశీలించాలి. వయసు మళ్లిన కార్మికుడు వేలు చూపించి చెప్పే మాట పది బోర్లకు సమానం.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మనవారంటారు. కుండలోని అన్నమంతా ఒకే నీటిలో, ఒకే మంటపై ఉడికింది కాబట్టి ఆ మాట చెల్లింది. నేల అటువంటి కుండ కాదు. ఉదాహరణకు 200 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 25 మీటర్ల లోతు గల గోతిలో రమారమి రెండు లక్షల టన్నుల మట్టి ఉంటుంది. ఇరవై బోర్లు వేసి, ఒక్కొక్కదాని నుండి ఐదేసి నమూనాలు తీసి, ప్రతి నమూనాలో పది గ్రాములు పరీక్షిస్తే ప్రయోగశాల చూసేది మొత్తం ఒక్క కిలో. అంటే ఇరవై కోట్లలో ఒక వంతు! బోర్లను 20 మీటర్లకొకటి చొప్పున చదరపు గళ్లుగా వేస్తే, పది మీటర్ల వ్యాసం గల తారుగొయ్యి ఐదింట నాలుగు పర్యాయాలు తప్పించుకొంటుంది. తప్పక దొరకాలంటే బోర్ల మధ్య దూరం ఏడు మీటర్లకు మించరాదు. అంతటి ఖర్చు ఎవరూ భరించరు కనుక, బోరు ఎక్కడ వేయాలో పాత పటమే చెప్పాలి.

నమూనా తీయడంలోనూ మెలకువ అవసరం. బెంజీను క్షణాలలో ఆవిరైపోతుంది. మట్టిని ఎండలో వదిలి, సాయంత్రం సీసాలో నింపి పంపితే ప్రయోగశాల ‘ఏమీ లేదు’ అనే చెబుతుంది. ఎంత ఖరీదైన యంత్రమైనా ఎగిరిపోయినదానిని తూచలేదు.

ఫలితాన్ని దేనితో పోల్చాలి? సింగపూరులో సాధారణంగా డచ్చి ప్రమాణాలను ఆధారంగా తీసుకొంటారు. భూగర్భజలంలో బెంజీను లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటితే శుద్ధి గురించి ఆలోచించాలని ఆ ప్రమాణం. దాని వెనుక ఒక విషాదం ఉంది. రాటర్‌డామ్ సమీపంలోని లెక్కర్‌కెర్క్ అనే ఊరిలో రసాయన వ్యర్థాల పీపాలు పూడ్చిన నేలపై ఇళ్లు కట్టారు. సంగతి బయటపడి 1980లో వందలాది కుటుంబాలను ఖాళీ చేయించవలసి వచ్చింది. 1983లో డచ్చి ప్రభుత్వం నేలశుద్ధికి చట్టమే చేసింది.

అలాగని కలుషిత భూమిపై స్టేషను కట్టరాదని కాదు. లండనులో 1999 మేలో ప్రారంభమైన నార్త్ గ్రీనిచ్ స్టేషను, ఐరోపాలోని అతిపెద్ద గ్యాసు కర్మాగారాలలో ఒకటి ఉండిన చోటనే ఉంది. ఆ భూమిని ముందుగా శుద్ధి చేశారు. మట్టిని తొలగించడం, వేడిచేసి విషాన్ని వెళ్లగొట్టడం, సిమెంటుతో బిగించడం, చుట్టూ నీరు చొరని గోడ దింపడం వంటి ఉపాయాలు ఎన్నో ఉన్నాయి. ముందే తెలిస్తే ఇది ఖర్చుకు సంబంధించిన లెక్క. గొయ్యి సగం త్రవ్విన తరువాత తెలిస్తే కార్మికుల ఊపిరితిత్తులకు సంబంధించిన ప్రశ్న.

స్వదేశంలోనూ ఈ ప్రశ్న అడుగవలసిన చోటు ఉంది. హైదరాబాదులో మియాపూర్ నుండి పటాన్‌చెరు వరకు 13.4 కిలోమీటర్ల మెట్రో మార్గానికి 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. పటాన్‌చెరు ప్రాంతంలో 1970ల నుండి మందుల, రసాయనాల పరిశ్రమలు పెరిగాయి. వాటి వ్యర్థజలాలు నక్కవాగు మీదుగా మంజీరలో కలిసిన చరిత్ర అందరికీ తెలిసినదే. అక్కడ మెట్రో స్తంభాలపై నడుస్తుంది కనుక భయం లేదనిపించవచ్చు. కాని అక్కడి గ్రానైటు రాతిలో కాలుష్యం సన్నని పగుళ్ల వెంట ప్రయాణిస్తుంది. రెండు బోర్లలో నీరు శుభ్రంగా ఉండి మూడవ దానిలో విషం కనిపించవచ్చు. ప్రతి స్తంభానికీ లోతుగా రంధ్రం వేయాలి. ఆ రంధ్రం ఏ పగులును దేనితో కలుపుతుందో, అందులోనుండి తోడిన బురదనీటిని ఎక్కడ పోస్తారో టెండరు పత్రాలలోనే వ్రాసి ఉండాలి.