పొరుగువాని గొంతు వినిపించే రేడియో



ఈ పత్రికలో మీరు చదివే ప్రసంగాలు మొదట రేడియోలో వినిపించినవే. రేడియో దగ్గర కూర్చుని వినే అలవాటు మీలో అనేకులకు ఉంది. అందుచేత మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. రేడియోలో మాట్లాడే మనిషి మీ వీధిని, మీ సంఘాన్ని ఎరిగినవాడైతే ఎలా ఉంటుంది? మీ ఊరి కష్టం తెలిసినవాడే మైకు ముందు కూర్చుంటే ఎలా ఉంటుంది? అమెరికాలో నల్లజాతివారి కళాశాలలు నడిపిన రేడియో స్టేషన్లు ఈ ప్రశ్నకు జవాబు చెబుతాయి.

ముందుగా ఆ కళాశాలల సంగతి తెలుసుకుందాం. బానిసత్వపు రోజుల్లో దక్షిణాది రాష్ట్రాలు అనేకం బానిసలకు చదవడం, రాయడం నేర్పించడాన్ని నేరంగా ఎంచాయి. 1865లో అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం రద్దయింది. సుమారు 40 లక్షలమంది స్వతంత్రులయ్యారు. కాని వారిలో చాలామందికి భూమి లేదు, చదువు లేదు. అప్పుడు వారికోసం బడులు తెరిచినవారిలో క్రైస్తవ సంఘాలు ముందున్నాయి. ఉత్తర కరోలినా రాష్ట్రంలోని రాలీ పట్టణంలో హెన్రీ మార్టిన్ టప్పర్ అనే బాప్టిస్టు బోధకుడు 1865 డిసెంబరులో విడుదల పొందినవారికి బైబిలు తరగతి ప్రారంభించారు. ఆ తరగతే పెరిగి షా యూనివర్సిటీ అయింది.

మన బాప్టిస్టు సంఘాలవారు ఇక్కడ ఒక మాట గమనించాలి. టప్పర్‌గారిని పంపినది అమెరికాలోని ఉత్తరాది బాప్టిస్టులు. దాదాపు అదే సమయంలో జాన్ క్లౌ దొరగారిని తెలుగువారి మధ్యకు పంపినదీ వారే. ఆయన 1866లో ఒంగోలులో పని ప్రారంభించారు. అలా ఒకే శాఖకు చెందిన సంఘాల కానుకలు రాలీలో బడిగాను, ఒంగోలులో మిషనుగాను నిలిచాయి.

షా యూనివర్సిటీ నుండి గొప్ప మేలు కలిగింది. ఆ కళాశాలలోనే చదివిన ఎల్లా బేకర్ 1960 ఏప్రిల్‌లో విద్యార్థులను అక్కడ సమావేశపరిచారు. హోటళ్లలో నల్లవారికి భోజనం పెట్టమన్నచోట శాంతియుతంగా కూర్చుని హక్కు అడిగిన విద్యార్థులు వారు. దేశాన్ని కదిలించిన ఒక విద్యార్థి ఉద్యమ సంస్థ ఆ సమావేశంలోనే పుట్టింది. 1968లో, అంటే మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురైన సంవత్సరంలోనే, అదే కళాశాల డబ్ల్యు.ఎస్.హెచ్.ఎ. అనే రేడియో స్టేషన్‌ను ప్రారంభించింది. నల్లజాతి కళాశాలల తొలి రేడియో స్టేషన్లలో అది ఒకటి. జాజ్, బ్లూస్, గాస్పెల్ పాటలు అందులో వినిపించేవి.

ఇలాంటి స్టేషన్ ఏ పనులు చేస్తుంది? మొదటిది, యవ్వనస్థులకు పని నేర్పుతుంది. తరగతిలో పాఠం విన్న విద్యార్థి అక్కడే మైకు పట్టుకుంటాడు. రెండవది, ఇతర స్టేషన్లు విడిచిపెట్టిన పాటలకు, వార్తలకు చోటిస్తుంది. మూడవది, ఆ ఊరివారి మాట ఊరివారికే వినిపిస్తుంది.

ఇందుకు వాషింగ్టన్ నగరంలోని హోవర్డ్ యూనివర్సిటీ మంచి ఉదాహరణ. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక సంస్థ 1971లో తన ఎఫ్.ఎం. స్టేషన్‌ను ఆ విశ్వవిద్యాలయానికి దానంగా ఇచ్చింది. అది డబ్ల్యు.హెచ్.యు.ఆర్. అనే పేరుతో 96.3లో ప్రసారాలు మొదలుపెట్టింది. కేథీ హ్యూజ్ దానికి జనరల్ మేనేజరుగా ఉన్న రోజుల్లో, 1976లో, మెల్విన్ లిండ్సే అనే విద్యార్థికి రాత్రిపూట మైకు ముందు కూర్చునే అవకాశం దొరికింది. ఆయన నెమ్మదైన పాటలతో నడిపిన ‘క్వయెట్ స్టార్మ్’ కార్యక్రమం ఎంతగా నచ్చిందంటే, దేశమంతటా అనేక స్టేషన్లు దాని పద్ధతిని అనుసరించాయి. అదే స్టేషన్‌లో ప్యాట్రిక్ ఎల్లిస్ అనే ఆయన ‘గాస్పెల్ స్పిరిట్’ అనే ఆదివారపు కార్యక్రమాన్ని 40 ఏళ్లకు పైగా నిర్వహించారు. 2020లో కరోనా వ్యాధితో ఆయన మరణించారు. నలభై ఏళ్లు ఆదివారం ఆదివారం ఒకే గొంతు విన్న ఇంటికి ఆ గొంతు ఆగిపోతే ఎలా ఉంటుందో, రేడియో వినే మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం. అమెరికాలో ఎఫ్.ఎం. రేడియోలో 88 నుండి 92 వరకు ఉన్న భాగాన్ని వ్యాపారం చేయని విద్యా స్టేషన్ల కోసం ప్రత్యేకించారు. అక్కడ ప్రసారం చేసేవారు వ్యాపార ప్రకటనలు అమ్ముకోకూడదు. శ్రోతల కానుకలు, కళాశాల ఇచ్చే సొమ్ము, ప్రభుత్వ సహాయం వంటివాటితో నడవాలి. 96.3 ఆ భాగానికి బయట ఉంది కనుక హోవర్డ్ స్టేషన్ ప్రకటనల ద్వారా ఆదాయం సంపాదించుకోగలదు. షా స్టేషన్‌ది 88.9. ఆ దారి దానికి లేదు.

2018లో షా యూనివర్సిటీ తన స్టేషన్‌ను 45 లక్షల డాలర్లకు అమ్మివేసింది. యాభై ఏళ్ల సేవ ముగిసింది. కొన్నది ఎవరు? దేశమంతటా వందలాది స్టేషన్ల ద్వారా క్రైస్తవ పాటలు వినిపించే ఒక పెద్ద సంస్థ.

సహోదరీ సహోదరులారా, ఈ వార్తకు మనం సంతోషించాలా, దుఃఖపడాలా? 88.9లో ఇప్పుడు మన విశ్వాసానికి చెందిన పాటలే వస్తున్నాయి కదా అని కొందరు అనవచ్చు. ఆ మాట నిజమే, కొన్నవారు తప్పేమీ చేయలేదు. అయినా ఆలోచించండి. దేశమంతటికీ ఒకేచోట తయారయ్యే కార్యక్రమానికి రాలీలోని వీధి పేరు తెలియదు. ఆ కళాశాల విద్యార్థికి అక్కడ మైకు లేదు. మంచి సమరయుని ఉపమానంలో పొరుగువాడెవరు? దారిలో పడి ఉన్నవాని దగ్గరకు వచ్చినవాడే కదా. దూరం నుండి వచ్చే మంచి పాట ఆదరిస్తుంది, కాని మన వీధికి వచ్చి మన కష్టం అడగలేదు. అందుకే, పాటలు క్రైస్తవమైనవే అయినా, అక్కడ ఒక పొరుగువాడు తగ్గాడని నేననుకుంటాను.

ఈ సంగతి రాలీతో ఆగేది కాదు. 1967 చట్టం ప్రకారం ఏర్పడిన సంస్థ ద్వారా ప్రజా రేడియోలకు ప్రభుత్వ సహాయం అందుతూ వచ్చింది. 2025 జూలైలో అమెరికా కాంగ్రెస్ ఆ సంస్థకు ఇవ్వవలసిన 110 కోట్ల డాలర్లను రద్దు చేసింది. ఆ సహాయం మీద ఆధారపడిన చిన్న స్టేషన్లకు ఇక శ్రోతల కానుకలే ముఖ్యమైన ఆధారం.

అమెరికాలో ఉంటున్న మన తెలుగు సంఘాలవారికి ఒక మాట. మీరు అట్లాంటాలో ఉంటే 91.9లో క్లార్క్ అట్లాంటా యూనివర్సిటీ స్టేషన్, హ్యూస్టన్‌లో ఉంటే 90.9లో టెక్సస్ సదరన్ యూనివర్సిటీ స్టేషన్ ఉన్నాయి. ఒకసారి పెట్టి వినండి. వారు విరాళం అడిగినప్పుడు రేడియో కట్టేయకండి, చేతనైనంత ఇవ్వండి. ఇక్కడ ఉన్న మనం కూడా మన దగ్గర మైకు ఎవరి చేతిలో ఉందో చూసుకుందాం. ఎప్పుడూ పెద్దల చేతిలోనే ఉంటే, ఈ ఆదివారం ప్రకటనలు చదవడానికైనా ఒక యవ్వనస్థునికి ఇవ్వండి. ఆ స్టేషన్లన్నీ అలా నేర్పడంతోనే నిలిచాయి.