అద్దె తక్కువని నూజివీడు వచ్చాం

విజయవాడలో కాపురం పెట్టిన రెండేళ్లకు, 2017 మార్చి నెలాఖరున, ఇంటి యజమాని వచ్చి అద్దె మరో వెయ్యి పెంచుతున్నామని చెప్పి వెళ్లారు. ఆ రాత్రి గోడమీది సంఘ క్యాలెండరులో అయిపోయిన మూడు నెలల కాగితాలు చింపి, వాటి వెనక వైపున మా ఇంటి లెక్క రాయడానికి కూర్చున్నాం. మాలో ఒకరిది మోటారు విడిభాగాల దుకాణంలో లెక్కలు రాసే పని, ఇంకొకరిది ప్రైవేటు బడిలో ఉపాధ్యాయ ఉద్యోగం. రెండు జీతాలూ కలిపి 24,500 రూపాయలు. అద్దె, కరెంటు, బియ్యం, పాలు, మంచినీళ్ల డబ్బాలు, దేవుని కానుక అన్నీ రాసి కూడితే ప్రతి నెలా 4,000 రూపాయలు ఎక్కడికి పోతున్నాయో తేలలేదు. మూడుసార్లు కూడాం. మూడోసారి కూడుతుండగా మాలో ఒకరు పెన్ను కింద పెట్టేశారు.

పెళ్లి ఖర్చులకని చేసిన అప్పు ఒకటి ఉంది. రెండు లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆ వడ్డీయే నెలకు 4,000. పెళ్లయిన నాటినుండి రెండోవారికి ఆ సంగతి తెలియదు. దాచినది ఎవరన్నది ఇక్కడ రాయవద్దని ఇద్దరం అనుకున్నాం. ఆ రాత్రి మేము భోజనం చేయలేదు, కుటుంబ ప్రార్థన కూడా చేయలేదు. సంఘ పత్రికలో రాయడానికి సిగ్గుగా ఉన్నా ఇది నిజం. మర్నాడు సాయంత్రం మళ్లీ అదే కాగితం ముందు కూర్చున్నాం గనుక ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాం.

విజయవాడలో అద్దెలు ఎందుకు పెరిగాయో చదువరులకు తెలిసిన సంగతే. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. ఆ సెప్టెంబరులో రాజధాని విజయవాడ పరిసరాల్లోనే అని శాసనసభలో ప్రకటించారు. 2016లో వెలగపూడిలో సచివాలయం తెరిచి, ఉద్యోగులను హైదరాబాదు నుండి తరలించారు. వచ్చినవారందరికీ ఇళ్లు కావాలి. ఇళ్లు మాత్రం రాత్రికి రాత్రి మొలవవు. దుకాణాల్లో, బడుల్లో చిన్న జీతాలకు పనిచేసేవారు మెల్లగా ఊరి అంచులకు, అక్కడినుండి పక్క ఊళ్లకు జరిగారు. మేమూ అలా జరిగినవాళ్లమే.

నూజివీడు పేరు చెప్పింది మా బంధువు ఒకామె. విజయవాడకు సుమారు 45 కిలోమీటర్లు. అగిరిపల్లి మీదుగా వెళ్లవచ్చు, హనుమాన్ జంక్షన్ మీదుగానూ వెళ్లవచ్చు. నూజివీడు పేరుగల రైల్వే స్టేషను ఊళ్లో లేదు, హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంది. ఇది తెలియక మొదటిసారి రైలెక్కి దిగి ఆటోవాణ్ణి వెతుక్కున్నాం. ఊళ్లో కాలేజీలున్నాయి, 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీ ఉంది. ఈ ప్రాంతపు పెద్దలు ఇప్పటికీ అమెరికన్ ఆసుపత్రి అని పిలిచే గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి 1925 నాటిది. పిల్లలు పుట్టవలసిన ఇంటికి దగ్గరలో ఆసుపత్రి ఉందని తెలిశాక మా తల్లిదండ్రుల మనసు కాస్త కుదుటపడింది. అయినా మా పెదనాన్నగారు, "అందరూ పట్నం పోతుంటే మీరు పట్నం నుంచి వెనక్కి వస్తారా? చదువుకున్నదంతా ఇందుకేనా?" అన్నారు. ఆ మాట అద్దె కంటే ఎక్కువ భారంగా తోచింది.

ఇల్లు వెతకడానికి మే నెలలో వచ్చాం. మొదటి రెండిళ్ల దగ్గర "మీరేవిట్లు?" అని అడిగారు. క్రైస్తవులమని చెప్పాం. "అది సరే, అంతకుముందు?" అన్నారు. తరువాత ఆ ఇళ్లు అప్పటికే ఎవరికో మాట ఇచ్చేసినట్టు తెలిసింది. ఇలాంటి అనుభవం ఈ పత్రిక చదివే చాలా కుటుంబాలకు ఉన్నదే కాబట్టి దీన్ని పెంచి రాయము. మూడో ఇంటి యజమాని నాలుగెకరాల మామిడి రైతు. ఆయన మమ్మల్ని ఒకే ఒక ప్రశ్న అడిగారు. "అద్దె నెలనెలా ఇస్తారా, ఏడాదికోసారి ఇస్తారా?"

మాకు అర్థం కాలేదు. అర్థం కావడానికి ఒక ఏడాది పట్టింది.

ముందు మా లెక్క సంగతి చెబుతాం. విజయవాడలో అద్దె 9,000 కాబోతోంది. ఇక్కడ రెండు గదులు, వరండా, బావి, వెనక ఒక కరివేప చెట్టు, అన్నీ కలిపి 3,800. నెలకు 5,200 మిగులుతుందని ఎంతో సంతోషపడ్డాం. జూన్‌లో సామాను దింపాక అసలు లెక్క మొదలైంది. ఇక్కడి బడిలో జీతం 7,500 మాత్రమే ఇచ్చారు, అంటే 3,000 తగ్గింది. రెండోవారి ఉద్యోగం ఇంకా విజయవాడలోనే ఉంది. బస్సు ఖర్చు నెలకు 1,600. తీసివేతలన్నీ తీసివేస్తే మిగిలింది 600 రూపాయలు. ఆ 600 కోసం మాలో ఒకరు తెల్లవారుజామున లేచి, రోజుకు నాలుగు గంటలు బస్సుల్లోను బస్టాండుల్లోను గడపాలి!

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు చూసుకుంటాడని ప్రభువు చెప్పిన ఉపమానం మీద విజయవాడలో ఎన్ని ప్రసంగాలు విన్నామో. కూర్చున్నాం గాని సగం లెక్కే చూశాం. అబ్రాహాముతో విడిపోయిన నాడు లోతు యొర్దాను మైదానంలో నీళ్లు చూశాడు, అక్కడి ఊరిని గురించి విచారించలేదు. మేము అద్దె చూశాం, జీతాలు విచారించలేదు. కాపురం మార్చదలచినవారు అద్దెతో పాటు మరో మూడు రాసుకోవాలి: ఇద్దరికీ అక్కడ దొరికే జీతం, దారి ఖర్చు, దారిలో పోయే గంటలు. మూడోది ఎవరూ రాయరు. ఇప్పుడు రెండోదానిలో కొంత మార్పు వచ్చింది. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితం. పట్నంలో ఉద్యోగం భార్యది అయితే ఇవాళ లెక్క వేరుగా తేలవచ్చు. గంటలు మాత్రం తగ్గవు.

అయితే వచ్చినందుకు లాభం లేదా అంటే ఉంది, కాని అది మేము అనుకున్న చోట లేదు. విజయవాడ ఇంటి అడ్వాన్సు తిరిగి వచ్చింది. ఇక్కడ అడ్వాన్సు ఇచ్చి, సామాను బండి ఖర్చు పోగా మిగిలిన 15,000 అప్పులో కట్టాం. ఒక గొలుసు అమ్మి 80,000 కట్టాం. అసలు 1,05,000కు దిగింది, వడ్డీ నెలకు 2,100 అయింది. వడ్డీ తగ్గడంతో చేతికి వచ్చిన 1,900, అద్దె వల్ల మిగిలిన 600 కంటే మూడింతలు. అంటే మాకు మేలు చేసింది చవక ఊరు కాదు, బయటపడిన అప్పు. ఊరు మారాలన్న ఆలోచన రాకపోతే ఆ కాగితం ముందు కూర్చునేవాళ్లం కాదు గనుక, దేవుడు దాన్ని కూడా వాడుకున్నాడని నమ్ముతున్నాం.

ఇంటి యజమాని ప్రశ్న దగ్గరకు వద్దాం. మామిడి ప్రాంతంలో చాలా ఇళ్లకు డబ్బు ఏడాదికోసారి వస్తుంది. చలికాలంలో పూత వస్తుంది. పూత మీదనే తేనెమంచు పురుగు, బూడిద తెగులు పడతాయి, మందు కొట్టాలి. చేతిలో డబ్బు లేని రైతు పూత దశలోనే తోటను వ్యాపారికి ఒప్పజెప్పి బయానా తీసుకుంటాడు. ఏప్రిల్ నుండి జూన్ వరకు కోత. కాయ నున్న మార్కెట్టుకు పోతుంది, అక్కడినుండి ఉత్తరాదికి పోతుంది. బంగినపల్లి ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు అలుగుతుంది. ఏప్రిల్‌లో ఒక్క గాలివాన చాలు, ఏడాది జీతం నేలమీద పడి ఉంటుంది. మేము వచ్చిన 2017లోనే బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చూసి యజమానికి చదివి వినిపించాం. "అయితే టన్నుకు ఎంత పెంచారు?" అని అడిగి, తువ్వాలు భుజాన వేసుకుని తోటకు వెళ్లిపోయారు.

ఇలాంటి ఊళ్లో నెల జీతగాళ్లు చిన్న బ్యాంకు లాంటివాళ్లు. పూత కాలం వచ్చేసరికి వీధిలో ముగ్గురు నలుగురు చేబదులు అడిగేవారు. "కాయ దిగగానే ఇస్తాం" అన్న మాట అబద్ధం కాదు. కాని కాయ దిగకపోతే? మొదటి ఏడాది మొహమాటపడి ఇచ్చి, మా వడ్డీ మేము కట్టలేక ఇబ్బందిపడ్డాం. అప్పటినుండి తిరిగి రాకపోయినా బాధ లేనంత మట్టుకే ఇస్తున్నాం, తిరిగి రావాలని మాత్రం అడగడం లేదు. విచిత్రమేమంటే అలా ఇచ్చినవే ఎక్కువగా తిరిగి వచ్చాయి, కొన్ని చిన్నరసాల బుట్టల రూపంలో.

సంఘం విషయంలోనూ ఒక తప్పు చేశాం. వచ్చిన ఆరు నెలలు ఆదివారం ఆరాధనకు విజయవాడకే వెళ్లేవాళ్లం. పాత స్నేహితులు, పాత పాటలు, పాత బల్ల. చివరకు విజయవాడ అయ్యగారే సభ్యత్వ బదిలీ పత్రం రాసి చేతిలో పెట్టారు. "మీ ఇంట్లో ఎవరైనా జ్వరంతో పడుకుంటే నేను 45 కిలోమీటర్ల నుండి రాలేనమ్మా. వచ్చేవాళ్ల దగ్గర ఉండండి" అన్నారు. డేరాలు కుట్టిన అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులను అప్పుడే గుర్తు చేశారు. చక్రవర్తి క్లౌదియ ఆజ్ఞతో రోమా విడిచి కొరింథు చేరారు, అక్కడినుండి ఎఫెసుకు, మళ్లీ రోమాకు. పౌలు పత్రికలలో రెండుచోట్ల వారి ప్రస్తావనతో పాటు వారి ఇంట సంఘం కూడుతున్న మాట కూడా ఉంటుంది. ఎన్ని ఊళ్లు మారినా వాళ్లు ఎక్కడా చుట్టపుచూపుగా వచ్చినవారిలా ఉన్నట్టు కనిపించదు.

ఇక్కడి సంఘంలో మామిడి కోత మొదలయ్యాక ఒక ఆదివారం ప్రథమ ఫలాలు తెస్తారు, ఆరాధన తరువాత వేలం వేస్తారు. ఒక ఏడు ఆ ఆదివారానికి ముందే పెద్ద గాలి వచ్చింది. బల్ల ముందు బంగినపల్లి బుట్టలు తక్కువగా ఉన్నాయి. సంఘంలో ఒక పెద్దాయన, తోట సగానికి పైగా రాలిపోయినవాడు, రాలిన పచ్చికాయలనే బస్తాలో తెచ్చి పెట్టాడు. "నాకు వచ్చిన పంట ఇదేనయ్యగారూ" అన్నాడు. పచ్చడికి పనికివచ్చే కాయలే, కొన్నిటికి దెబ్బలు తగిలాయి. పాట 200 దగ్గర మొదలైంది. మేము 500 వరకు పాడి ఆగిపోయాం. ఆ ఏడు అన్నిటికంటే ఎక్కువ ధర పలికింది ఆ బస్తాయే. కాయలు పాడుకున్న కుటుంబం వాటిని ఇంటింటికీ పంచింది. మా ఇంట్లో ఆ ఏటి ఆవకాయ దానితోనే పెట్టాం.

మధ్యలో మరో శోధన వచ్చింది. 2014లో రాజధాని నూజివీడు వైపే వస్తుందని ప్రచారం జరిగినప్పుడు ఈ చుట్టుపక్కల భూముల ధరలు ఎగిశాయి. తరువాత రాజధాని తుళ్లూరు వైపుకు పోయింది. చెట్లు కొట్టి సరిహద్దు రాళ్లు పాతిన తోటలను మా యజమాని మాకు చూపించారు, రాళ్ల మధ్య గడ్డి మొలిచి ఉంది. అయినా తెలిసినవారొకరు వచ్చి, నెలకు 5,000 వాయిదాతో స్థలం తీసుకోమన్నప్పుడు మాలో ఒకరికి ఆశ పుట్టింది. ఈసారి ఆ ఆశను దాచుకోలేదు. రెండు రోజులు మాట్లాడుకున్నాం, కొంత గట్టిగానే. పాత నోటు తీరకుండా కొత్త నోటు రాయకూడదనుకుని మానుకున్నాం. ఆ స్థలాల ధర తరువాత పెరిగిందా తగ్గిందా అని ఇప్పటికీ అడగలేదు. అడిగితే నిద్ర పట్టదేమోనని భయం.

2019 జనవరిలో రెండోవారికి కూడా ఈ ఊళ్లోనే ఎరువుల దుకాణంలో లెక్కల పని దొరికింది. జీతం విజయవాడ కంటే 3,000 తక్కువ, బస్సు ఖర్చు 1,600 మిగిలింది. కాగితం మీద ఇది నష్టమే. కాని చేతికి వచ్చిన నాలుగు గంటల్లో సాయంత్రాలు ఇద్దరం కలిసి పిల్లలకు ట్యూషను చెప్పాం. ఆ డబ్బే అప్పులో ఎక్కువ భాగం తీర్చింది. 2020లో బడులు మూతపడినప్పుడు ఎనిమిది నెలలు అసలు కట్టలేకపోయాం, వడ్డీ మాత్రం ఆపలేదు. 2022 మే నెలలో చివరి 6,000 కట్టి నోటు వెనక్కి తీసుకున్నాం. దాన్ని చింపేద్దామని ఒకరు, ఉంచుదామని ఒకరు. ఉంచాం. లెక్క వేసిన క్యాలెండరు కాగితాలతో పాటు పెట్టెలో ఉంది.

ఈ మధ్య విజయవాడ నుండి, హైదరాబాదు నుండి కూడా కొత్తగా పెళ్లయిన జంటలు మా దగ్గరకు వచ్చి ఇళ్ల సంగతి అడుగుతున్నారు. అమరావతి పనులు 2025లో మళ్లీ మొదలయ్యాక అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లకు ముందుగా కాగితం, పెన్ను ఇచ్చి, మేము లోపలికి వెళ్లి టీ పెడతాం. మేము ఎదురుగా ఉంటే కొన్ని అంకెలు రాయలేరు. ఇంకొకటి కూడా చెబుతున్నాం. ఇల్లు చూడడానికి మాలాగా మే నెలలో రావద్దు. అప్పుడు వీధి వీధంతా మాగిన పండ్ల వాసన, ప్రతి ఇంటివాళ్లూ కోసిన ముక్క చేతిలో పెడతారు, ఏ ఇల్లయినా బాగుంటుంది. ఆగస్టులో రండి. తోటలు ఖాళీగా ఉంటాయి, దుకాణాల్లో బేరం ఉండదు, ఏ కప్పు కారుతుందో, ఏ సందులో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయో కనిపిస్తుంది. మా వరండా కూడా ఒక మూల కారుతుంది. యజమాని వచ్చే ఏడు కాయ దిగగానే బాగు చేయిస్తామన్నారు.