ఆపిన చోటే ఓడ.. ఆగని లోకం!

పదేళ్ల కిందట మానేసిన ఆన్‌లైన్ ఆటలోకి మళ్లీ వెళితే ఏం మిగిలి ఉంటుంది? చాలా ఆటలు ఈపాటికి మూతపడే ఉంటాయి. 'ఈవ్ ఆన్‌లైన్' సంగతి వేరు. ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ 2003 మేలో మొదలుపెట్టిన ఈ అంతరిక్ష ఆట ఇంకా నడుస్తూనే ఉంది. అప్పట్లో ఆటవారి స్టేషన్లో ఓడ పెట్టి వెళ్లారా, ఇప్పటికీ అక్కడే ఉంటుంది!

చైనా సర్వరును పక్కనపెడితే ఆటగాళ్లంతా ఒకే విశ్వంలో తిరుగుతారు. ఓడల్లో ఎక్కువ భాగం వాళ్లే తయారుచేస్తారు, జిటా బజారులో అమ్ముకుంటారు. పేలిన ఓడ ఇక పోయినట్టే. 2014 జనవరిలో దాదాపు 21 గంటలు సాగిన ఒక్క యుద్ధంలో 75 టైటన్ ఓడలు నాశనమయ్యాయి. ఆ నష్టాన్ని 3 లక్షల డాలర్లకు పైగా లెక్కగట్టారు.

ఇందులో నైపుణ్యాలు నేర్చుకోవడం నిజం గడియారం ప్రకారమే. కొన్నింటికి వారాలు పడుతుంది. 2009కి ముందు వాటిని వరుసలో పెట్టే వీలు లేదు. ఒకటి అర్ధరాత్రి పూర్తయితే అప్పుడే లేచి ఇంకోటి పెట్టాలి, లేదంటే తెల్లారేదాకా కాలం వృథా.

అలా సంపాదించింది ఎక్కడికీ పోదు. 2016 నవంబరు నుంచి చందా లేకుండానే ఆడొచ్చు. కాకపోతే పెద్ద నైపుణ్యాలు వాడుకోనివ్వరు. బండి నడపడం వచ్చు, లైసెన్సు రెన్యువల్ కాలేదు.. అలాంటి పరిస్థితన్నమాట.

తోటి ఆటగాళ్లు కట్టిన స్థావరంలో సరుకు దాచినవారికి ఇంకో మెలిక. మీరు లేనప్పుడు శత్రువులు దాన్ని కూల్చేసి ఉంటే సరుకు సాధారణంగా వేరే స్టేషన్‌కు చేరుతుంది. విడిపించుకోవాలంటే విలువలో 15 శాతం దాకా కట్టాలి. వార్మ్‌హోల్‌లో పెట్టుంటే ఆశ వదులుకోవాల్సిందే.

అయితే అసలు లోటు సరుకు కాదు, మనుషులు. ఏళ్ల తర్వాత సొంతూరికి వెళ్లినవాళ్లకు ఇది తెలిసిందే. తాళంచెవి పనిచేస్తుంది, పలకరించేవాళ్లే ఉండరు. మిత్రుల జాబితాలో ఒక్క పేరు వెలగదు. కార్పొరేషన్ ఎప్పుడో చెదిరిపోయి ఉంటుంది. కొత్త గుంపులో చేరదామంటే గూఢచారేమోనని సవాలక్ష ప్రశ్నలు. తప్పేం లేదు, ఈ ఆటలో నమ్మించి దోచుకోవడం మామూలే.

జట్టు లేకుండా పాత పెద్ద ఓడతో బయల్దేరితే మొదటి సాయంత్రమే పోగొట్టుకుంటారు. చౌక ఫ్రిగేటుతో మొదలుపెట్టడం నయం.

పాత మిత్రుల పేర్లు ఓచోట మాత్రం ఉన్నాయి. రెక్యావిక్ రేవులో 2014లో పెట్టిన స్మారకం మీద అప్పుడు ఆడుతున్నవారి పేర్లు చెక్కారు.