కారు బీమా

కారు బీమా అనగా ప్రమాదము, దొంగతనము, ప్రకృతి వైపరీత్యము మొదలగు వాటివలన కలుగు నష్టమును భరించుటకు వాహన యజమానితో బీమా సంస్థ చేసుకొను ఒప్పందము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 146వ సెక్షను ప్రకారము థర్డ్ పార్టీ బీమా లేని వాహనమును బహిరంగ ప్రదేశములలో నడుపరాదు.

రకములు

* థర్డ్ పార్టీ బీమా: మన వాహనము వలన ఇతరులకు కలిగిన మరణము, గాయములు, ఆస్తి నష్టములకు వర్తించును. మన కారు మరమ్మతుకు ఏమియు రాదు.
* స్వంత నష్ట బీమా: మన కారుకు కలిగిన నష్టమునకు వర్తించును.
* సమగ్ర బీమా: పై రెండును కలిసినది.

సముద్రతీర నగరమైన విశాఖపట్నములోను, దాని శివార్లయిన దువ్వాడ, గాజువాకలలోను ఈ భేదము తెలిసియుండుట అవసరము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఇచ్చటనే తీరము దాటినది. గాలికి చెట్టు కూలి కారు నలిగినచో థర్డ్ పార్టీ పాలసీ క్రింద పరిహారము రాదు.

ప్రీమియము పోల్చుట

థర్డ్ పార్టీ ప్రీమియము ప్రభుత్వము నిర్ణయించునది గనుక అన్ని సంస్థలలోను ఒకటే. 2022 జూన్ 1న అమలులోనికి వచ్చిన రేటు ప్రకారము 1000 సీసీ మించని ప్రైవేటు కారుకు ఇది సంవత్సరమునకు 2,094 రూపాయలు, పన్ను అదనము. సంస్థల మధ్య తేడా స్వంత నష్ట భాగములోనే ఉండును.

కారు పూర్తిగా నాశనమైనను, దొంగిలింపబడినను లభించు గరిష్ఠ మొత్తమును ఐ.డి.వి. అందురు. ఉదాహరణకు ఒకే కారుకు ఒక సంస్థ 4 లక్షలు, మరియొకటి 3 లక్షల 20 వేలు ఐ.డి.వి.గా చూపినచో రెండవదాని ప్రీమియము తక్కువగా కనిపించవచ్చును. కారు పోయిననాడు 80 వేలు తక్కువ వచ్చును. కావున ఐ.డి.వి. సమానముగా ఉంచియే ప్రీమియములను పోల్చవలెను. క్లెయిము లేని సంవత్సరములకు ఇచ్చు నో క్లెయిం బోనస్ 20 నుండి 50 శాతము వరకు ఉండును. ఇది స్వంత నష్ట ప్రీమియమునకు మాత్రమే వర్తించును.