జాబితాకు చిక్కని మత్తు

2025 మార్చిలో ఈగల్ అధికారులు రాష్ట్రవ్యాప్తంగా మందుల దుకాణాలను తనిఖీ చేసినప్పుడు అవనిగడ్డ పేరూ వార్తలకెక్కింది. ఇక్కడి ఒక దుకాణంలో ట్రమడాల్ అక్రమంగా అమ్ముతున్నారని వారు ప్రకటించారు. గంజాయి మూటలకే అలవాటుపడిన మన అనుమానం మాత్రల అట్ట మీదికి పోదు.

ట్రమడాల్ నల్లమందు వలె పనిచేసే కృత్రిమ నొప్పి నివారిణి. శస్త్రచికిత్స తరువాత వైద్యులే రాసి ఇస్తారు. అది మన దేశం నుంచి ఆఫ్రికా దేశాలకు అక్రమంగా తరలిపోతున్నదన్న ఫిర్యాదుల నడుమ, 2018 ఏప్రిల్‌లో కేంద్రం దానిని 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. అక్రమంగా ఉంచుకున్నది 250 గ్రాములు దాటితే కనీస శిక్ష పదేళ్ళు. వ్యాపారులు ఊరకుండలేదు. ఆ జాబితాలో లేని టపెంటడాల్‌ను కారిసోప్రొడాల్‌తో కలిపి నైజీరియా, ఘనా వంటి దేశాలకు పంపసాగారు. ఆ మిశ్రమానికి ఇచ్చిన ఎగుమతి అనుమతులు రద్దు కావడానికి 2025 ఫిబ్రవరి దాకా పట్టింది.

షరీఅత్ మత్తును పేరును బట్టి గాక ప్రభావాన్ని బట్టి నిషేధించింది. చట్టానికి మాత్రం ఒక్కొక్క రసాయనానికీ ఒక పేరు కావాలి. ఆ పేరు జాబితాకెక్కేలోగా మరొకటి ఓడ ఎక్కుతున్నది. అలాగని అన్నింటినీ ఒకే వేటున నిషేధించమని మేము కోరలేము. కాన్సరు నొప్పితో నిద్రలేని రోగికి ఈ జాతి మందులే ఊరట. చట్టం చూడవలసింది కొత్త మందు ఎవరి చీటీ మీద, ఎంత మేరకు, ఏ రేవుకు పోతున్నదన్నది. ఓడలను ఆపడం ఢిల్లీ పని. దాదీ మోకాలి ఆపరేషన్‌కు తెచ్చిన మాత్రలలో ఎన్ని మిగిలాయో, అవి ఏ అరలో ఉన్నాయో ఢిల్లీకి తెలియదు.