ఇంటివద్ద వ్యాయామశాల: స్వయంగా తయారుచేసుకొనగల సాధనాలు

వ్యాయామం ప్రారంభించదలచిన వారిలో పలువురు మొదట ఆలోచించేది ఖర్చును గురించి. నెలనెలా వ్యాయామశాలకు రుసుము చెల్లించగల స్తోమత అందరికీ ఉండదు. ఇనుప సామగ్రి కొనదలచినచో బరువు పెరిగిన కొద్దీ ధర కూడా పెరుగుతుంది. నిజానికి మన కండరానికి ఇనుము, ఇసుక, సిమెంటు అనే భేదం లేదు. తనపై పడిన భారమెంతో దానికి తెలుస్తుంది గాని, ఆ భారం దేనితో చేసినదో తెలియదు. కనుక ఒక కుటుంబానికి చాలినన్ని సాధనాలను పెరటిలో కూర్చుండి తయారుచేసుకొనవచ్చును. అయితే స్వయంగా చేసిన వస్తువు విషయంలో ఒక బాధ్యత అదనంగా మనపై పడుతుంది. అది ఊడిపోకుండా, చిరగకుండా చూచుకొనవలసినది మనమే. దాని బరువెంతో ఖచ్చితంగా తెలిసికొనవలసినదీ మనమే.

మన దేశపు వ్యాయామ సాధనాలు చాలవరకు వడ్రంగి చేతిలోను, రాతిపనివాని చేతిలోను రూపుదిద్దుకొన్నవే. వారణాసి అఖాడాలలో నేటికీ త్రిప్పే గద అనగా వెదురు కర్ర చివర బిగించిన గుండ్రని రాయి. జోడీ అనగా రెండు చేతులా త్రిప్పే బరువైన కొయ్య ముద్గరాలు. నాల్ అనేది నడుమ తొలిచి, పట్టుకొనుటకు పిడి మలచిన రాయి. ఈ ముద్గరాలను ఇక్కడ చూచిన ఆంగ్లేయులు 19వ శతాబ్దంలో తమ దేశానికి తీసికొనిపోయి ‘ఇండియన్ క్లబ్స్’ అని పేరు పెట్టుకొన్నారు. 1904లో సెయింట్ లూయీలోను, 1932లో లాస్ ఏంజెలెస్‌లోను జరిగిన ఒలింపిక్ క్రీడలలో ముద్గరం త్రిప్పడం ఒక పోటీగా ఉండేదన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. తెలుగునాట కూడా తాలింఖానాలలో దండీలు, బస్కీలు తీసి దేహదారుఢ్యం సంపాదించిన వారెందరో. వీరఘట్టంలో జన్మించిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు పేరు నేటికీ ఇంటింటా వినిపిస్తుంది.

రోకలి, తిరగలి, నీళ్ళ బిందె కూడా ఒకప్పుడు వ్యాయామ సాధనాలేనని కొందరు చెబుతూ ఉంటారు. ఆ మాటలో సగమే సత్యం ఉంది. అలసిననూ ఆపుటకు వీలులేని శ్రమ వ్యాయామం కాదు. పూర్వం గృహిణులు వడ్లు దంచినది ఇంటిల్లిపాది ఆకలి తీర్చుటకే గాని, తమ బలం పెంచుకొనుటకు కాదు.

ఈ భేదాన్నే ఆయుర్వేదం ‘అర్ధబలం’ అనే మాటతో స్పష్టం చేసింది. బలవంతుడై, స్నిగ్ధాహారం భుజించేవాడు సైతం తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయవలెనని, అది కూడా శీతకాలంలోను వసంతంలోను మాత్రమేనని, తక్కిన ఋతువులలో ఇంకను తగ్గించవలెనని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో చెప్పినాడు. సగం శక్తి వినియోగమైనదని గుర్తించుట ఎట్లు? నుదురు, ముక్కు, చంకలు, కీళ్ళ వద్ద చెమట పట్టడం, ముక్కుతో శ్వాస చాలక నోటితో పీల్చవలసిరావడం దాని లక్షణాలని ఆయుర్వేద గ్రంథాలు చెబుతున్నాయి. తూనికలు కొలతలు అంతగా లేని కాలంలో ఇంతకంటె చక్కని కొలబద్ద దొరకదు. తూనికలు ఉన్న మన కాలంలోనూ ఇది పనికివచ్చేదే.

ఇంతగా హెచ్చరించుటకు కారణం ఉంది. కొన్ని సంవత్సరాల క్రితం మా మేనల్లుడు ఇంటర్మీడియట్ చదువుతున్న రోజులలో నాలుగు లీటర్ల రంగు డబ్బాలు రెండింటిలో సిమెంటు పోసి, నడుమ నునుపైన ఇనుప గొట్టం నిలిపి బార్‌బెల్ తయారుచేసినాడు. మూడు మాసాలు బాగుగానే పనిచేసింది. ప్రతి దినం గచ్చుపై ధన్‌మని దించడం వలన గొట్టం చుట్టూ సిమెంటు లోలోపల వదులైన సంగతి ఎవరూ గమనించలేదు. ఒకనాడు తల మీదికి ఎత్తుతుండగా ఒక డబ్బా జారి పాదంపై పడింది. పాదంలోని రెండు ఎముకలు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉండవలసివచ్చింది. ఆ డబ్బా ఒక జానెడు ఇవతలగా పడి ఉంటే ఏమై ఉండేదో ఊహించుటకే భయం కలుగుతుంది. మా బావగారు ఆ సాయంత్రమే ఇంటిలోని సామగ్రినంతా పారవేయించినారు. దోషం సిమెంటుది కాదు, గొట్టం నునుపుది. ఆ చిన్న మర్మం తెలిసి ఉంటే ప్రమాదం జరిగేది కాదు.

కనుక సిమెంటు డంబెల్ తయారీని కొంత వివరంగా చెప్పుకొందాము. నీటి పైపులకు వాడే ముప్పాతిక అంగుళపు జి.ఐ. గొట్టాన్ని 14 అంగుళాల పొడవున కోయించవలెను. వెల్డింగ్ షాపులో చెప్పి గొట్టపు రెండు చివరలా, కొనకు కొంచెం లోపలగా, ఒకదానికొకటి అడ్డముగా రెండేసి రంధ్రాలు వేయించి, డబ్బాలో ఇమిడే పొడవు గల బోల్టులను దూర్చి నట్లు బిగించవలెను. శిలువ ఆకారంలో నిలిచే ఈ బోల్టులే సిమెంటును పట్టి ఉంచుతాయి. సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు పాళ్ళు, సన్న కంకర మూడు పాళ్ళు కలిపి, ముద్దగా మాత్రమే తడపవలెను. నీరు ఎక్కువైనచో గట్టిదనం తగ్గుతుంది. ఈ మిశ్రమాన్ని ఒట్టి చేతులతో కలపరాదు. తడి సిమెంటులోని క్షారం చర్మాన్ని కాలుస్తుంది. చేతులకు రబ్బరు తొడుగులు ధరించవలెను. ఖాళీ రంగు డబ్బాలో మిశ్రమం కొంత పోసి, గొట్టాన్ని నడిమధ్యలో నిలిపి, తక్కినది నింపి, గాలి బుడగలు పోవునట్లు డబ్బాను ప్రక్కలనుండి మెల్లగా తట్టవలెను. గొట్టం వంగకుండా పైనుండి త్రాడుతో కట్టి ఉంచవలెను. రెండు రోజుల తరువాత దానిని తలక్రిందులు చేసి రెండవ డబ్బా నింపవలెను. అటుపిమ్మట కనీసం ఏడు రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచవలెను. సిమెంటుకు పూర్తి బలం వచ్చుటకు 28 రోజులు పడుతుంది. కుర్రవాళ్ళకు ఆ ఓర్పు ఉండదు. వారం తిరుగకుండానే ఎత్తి చూస్తారు.

బరువు లెక్క సులభం. ఒక లీటరు నీరు ఒక కిలో తూగితే, అదే కొలత పొడి ఇసుక సుమారు ఒక కిలో 600 గ్రాములు, కంకర కలిసిన గట్టిపడిన సిమెంటు సుమారు రెండు కిలోల 400 గ్రాములు తూగుతుంది. లీటరు డబ్బాలు రెండు, గొట్టం కలిపి ఐదున్నర కిలోలకు దగ్గరగా వస్తుంది. అరలీటరు డబ్బాలతో చేసినది సుమారు మూడు కిలోలు. ఏది చేసినా కిరాణా దుకాణంలో తూయించి, డబ్బాపై రంగుతో బరువు వ్రాసి ఉంచవలెను. ఊహతో ఎత్తేవాడు ఈ రోజు ఐదు కిలోలనుకొని ఏడు ఎత్తుతాడు.

ప్రారంభించే వారికి, ముఖ్యంగా స్త్రీలకు, వృద్ధులకు సిమెంటుకంటె ఇసుక మూట మేలు. అది జారినా ఎముక విరిగే ప్రమాదం చాలా తక్కువ. బరువు కావలసినంత కలుపుకొనవచ్చును, తీసివేయవచ్చును. ఇసుకను కడిగి బాగుగా ఎండబెట్టవలెను. తడి ఇసుక బూజు పడుతుంది, తూకమూ మారుతుంది. ఎండిన ఇసుకను గట్టి ప్లాస్టిక్ సంచిలో పోసి మూతి కట్టి, దానిని మరొక సంచిలో ఉంచి, పైన గోనె సంచి తొడిగి దబ్బనంతో కుట్టవలెను. ఇన్ని పొరలు ఎందుకనగా, ఇసుక ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. సంచిలో నాలుగవ వంతు ఖాళీగా వదిలినచో చేతికి పట్టు దొరుకుతుంది. ఆరు లీటర్ల ఇసుక పది కిలోలకు కొంచెం తక్కువ తూగుతుంది. చాలామందికి మొదటి ఆరు మాసాలకు అదే ఎక్కువ.

గద తయారీలో మెలకువలు డంబెల్‌కు చెప్పినవే. ఒక్క విషయం మాత్రం మరువరాదు. బరువు చేతికి ఎంత దూరంగా ఉంటే భుజంపై భారం అంత ఎక్కువగా పడుతుంది. మూడడుగుల కర్ర చివరనున్న రెండు కిలోలు, చేతిలో పట్టుకొన్న రెండు కిలోలు ఒకటి కావు. అలవాటు లేనివారు రెండు కిలోలకు మించిన గద పట్టరాదు. పైకప్పు తక్కువగా ఉన్న గదిలో, పిల్లలు తిరిగేచోట దానిని త్రిప్పనే రాదు.

వ్రేలాడుటకు కడ్డీ కావలెనని సీలింగు ఫ్యానుకొక్కేనికి త్రాడు కట్టేవారిని చూచినాను. ఆ కొక్కెం ఫ్యాను మోయుటకు వేసినది. ఊగే మనిషిని మోయుటకు కాదు. అట్టి పని ఎన్నడూ చేయరాదు. దండీలు తీయుటకు మాత్రం జానెడు పొడవు కొయ్య దిమ్మెలు రెండు చాలును, మణికట్టు వంగకుండా అవి కాపాడుతాయి.

ఇక ఉపయోగించే విధానం. ఉదయం మలవిసర్జన అనంతరం, ఏమీ భుజించకముందు చేయడం శ్రేష్ఠం. తిన్నది జీర్ణం కాకుండా చేయరాదు. అభ్యంగనం చేసికొని వ్యాయామం చేసే అలవాటున్నవారు అరచేతులకు మాత్రం నూనె అంటనీయరాదు, లేదా పొడి గుడ్డతో శుభ్రంగా తుడుచుకొనవలెను. తైలం అంటిన చేతిలో గద నిలువదు. బరువు నేలనుండి ఎత్తునపుడు నడుము వంచక మోకాళ్ళు వంచి, ఎత్తుతూ శ్వాస విడువవలెను. ఊపిరి బిగబట్టి ఎత్తినచో రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. ఒక కదలికను ఎనిమిది మొదలు పన్నెండు పర్యాయాలు చేయగలిగి, చివరి రెండు కొంచెం కష్టంగా తోచే బరువు తగినది. పన్నెండూ సునాయాసంగా సాగుతున్నప్పుడు అరకిలో కలుపుకొనవచ్చును. రోహిణీ కార్తె ఎండలలో సగానికి తగ్గించడం ఉత్తమం. వ్యాయామం ముగిసిన పిదప అవయవాలను మృదువుగా మర్దించుకొని, చెమట ఆరిన తరువాత స్నానం చేయవలెను. అధిక రక్తపోటు, హృద్రోగం, హెర్నియా ఉన్నవారు, గర్భిణులు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు వైద్యుని సంప్రదించక బరువులు ముట్టరాదు. ఛాతీలో నొప్పి, తల తిరుగుట కలిగినచో వెంటనే ఆపి వైద్యుని చూడవలెను.

ఇది యువకుల వ్యవహారమని పెద్దలు ప్రక్కకు తొలగనవసరం లేదు. వయసుతో కండ క్షీణిస్తుంది. అరవై దాటిన తరువాత ఆ క్షీణత వేగవంతమౌతుంది. నేలపై కూర్చున్నవారు లేచుటకు గోడ వెదకుకొనడం దాని తొలి గుర్తులలో ఒకటి. వయోజనులందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనలలో ఉంది. 65 ఏళ్ళు దాటినవారు పడిపోకుండా నిలకడనిచ్చే వ్యాయామాలను కూడా వారానికి మూడు రోజులు చేయవలెనని అందులోనే చెప్పబడింది.

మా బావగారికి ఆ స్థితి వచ్చింది. పూజ ముగించి లేచుటకు అక్కయ్య చేయి అందించవలసివచ్చేది. సామగ్రిని పారవేయించిన ఆయనకు మరల దాని పేరెత్తుటకు మనసొప్పలేదు. చివరకు మేనల్లుడే, “నాన్నగారూ, ఈసారి లోపల బోల్టులు వేసినాను, తూయించి బరువు కూడా వ్రాసినాను, చూడండి” అని చెప్పి రెండు కిలోల ఇసుక మూటను, అరలీటరు డబ్బాల డంబెల్‌ను ఆయన ముందుంచినాడు. ఆయన మొదట మూటను మాత్రమే తీసికొన్నారు. దానిని గుండెలకు హత్తుకొని కుర్చీలోనుండి నెమ్మదిగా లేచి కూర్చుండడం, రోజు విడిచి రోజు, ఎనిమిది పర్యాయాలతో మొదలుపెట్టినారు. నాలుగు మాసాల తరువాత పూజ వద్దనుండి తమంతట తామే లేచినారు. డంబెల్‌ను ఇప్పటికీ ఎత్తరు. కాని నెలకొకసారి దానిని తలక్రిందులు చేసి, గొట్టం కదులుతున్నదేమో ఊపి చూచి, బీటలు వారినదేమో వ్రేలితో తడిమి, బీరువా క్రింది అరలోనే, పిల్లలు లాగినా మీద పడనిచోట పెడుతూ ఉంటారు.