చదువునకు ద్వార మొక్కటియేనా?

మనుష్యులందఱు నొక్కతీరున గ్రహింపరు. ఒకడు విన్నమాట మఱవడు. ఒకడు చూచినదానిని మఱవడు. వేఱొకడు చేతితో చేసి చూచినగాని నమ్మడు. ఈ భేదము లోకమెఱిగినదే. కాని దీనినే సిద్ధాంతముగా గైకొని, “ఇతనిది కంటిచదువు, ఆమెది చెవిచదువు, వీనిది చేతిచదువు” అని పసితనముననే ముద్రలు వేయు వాడుక నేడు పెక్కు పాఠశాలలలో వ్యాపించియున్నది. అందువలన బిడ్డలకు లాభమెంత, నష్టమెంత యని విచారించుట తలిదండ్రుల విధియని మా యభిప్రాయము.

వ్యక్తికిని వ్యక్తికిని మనోవ్యాపారమున గల యంతరమును ఆంగ్లదేశమున ఫ్రాన్సిస్ గాల్టన్ 1880లో పరిశీలించెను. ఆ యుదయమున తాము భుజించిన బల్లను స్మరించి, మనస్సునకేమి కనబడుచున్నదో తెలుపుడని పలువుర నడిగెను. కొందఱు కన్నులయెదుట నున్నట్లే వర్ణించిరి. విజ్ఞానవేత్తలలో పెక్కుమంది తమకట్టి చిత్రమేదియు గోచరింపదనిరి. చిత్రము గోచరింపనంతమాత్రమున వారి పాండిత్యమున కేమియు కొఱత కలుగలేదు.

న్యూజిలాండులో పాఠశాలల పరీక్షాధికారిగా పనిచేసిన నీల్ ఫ్లెమింగ్, కొలీన్ మిల్స్‌తో కలిసి 1992లో చూపు, వినికిడి, చదువువ్రాతలు, చేత యను నాలుగు మార్గములను ప్రతిపాదించెను. ఎవని మార్గమేదో వాడే యొక ప్రశ్నావళిచే తెలిసికొనవచ్చుననెను. ఇట్టి పద్ధతులు 71 వఱకు గలవని 2004లో ఇంగ్లండున వెలువడిన యొక సమీక్ష లెక్కించెను. తన స్వభావమును తాను తెలిసికొనుటయందు దోషము లేదు. ఇష్టమైన మార్గముననే బోధించినచో చదువు మిన్నగా వచ్చునను వాదమునకే ఋజువు కావలయును.

ఆ ఋజువును 2008లో హాల్ పాష్లర్ మొదలగు నలువురు అమెరికా మనశ్శాస్త్రవేత్తలు వెదకిరి. చూపువారిని, వినికిడివారిని వేఱుపఱచి, ప్రతివర్గములోను సగముమందికి పటములతోను, సగముమందికి మాటలతోను ఒకే పాఠము చెప్పి, అందఱకు నొకే పరీక్ష పెట్టవలయునని వారు నిర్ణయించిరి. మొదటివారు పటములచేతను, రెండవవారు మాటలచేతను ఎక్కువ నేర్చినగాని వాదము నిలువదు. ఇట్టి నియమముతో జరిగిన పరిశోధనలు బహుస్వల్పములనియు, అందును కొన్ని వాదమునకు ప్రతికూలముగానే యున్నవనియు వారు తేల్చిరి.

ఇష్టము వేఱు, ఫలము వేఱు. అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి యనువారు 2006లో ప్రకటించిన పరిశోధనలో కొందఱు విద్యార్థులు పాఠమును మఱలమఱల చదివిరి. కొందఱు పుస్తకము మూసి, జ్ఞాపకమున్నంత వ్రాసిరి. వారము గడచినపిమ్మట రెండవవారికే యెక్కువ జ్ఞాపకముండెను. తమకు బాగుగా వచ్చినదను నమ్మకము మాత్రము మొదటివారికే హెచ్చు! పాఠము అప్పగింపుమని వెనుకటి పంతులు బాలుని నిలువబెట్టుటలో నెంత విషయమున్నదో దీనివలన తెలియుచున్నది. అప్పగింత యే బాలునకును ప్రియము కాదు, ఫలమో దానియందే యుండెను.

మన వీధిబడినే తలచికొందము. బాలుడు ఇసుకలో వ్రేలితో అక్షరమును దిద్దుచు, దానిని కన్నులార చూచుచు, నోరార పలుకుచు, తన పలుకును తానే వినుచుండెడివాడు. ఒక్క అక్షరమునకు ఇన్ని ద్వారములు తెఱవబడెను. పంతులు బాలురను కంటివారు, చెవివారు అని పంక్తులు విడదీయలేదు. ఆ బడిలో బెత్తమును, అర్థములేని వల్లెయు నుండెను. వానిని మేము మెచ్చము. 1939లో మదరాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చిన మరియా మాంటిసోరీయు, గరుకుకాగితపు అక్షరములను వ్రేళ్లతో తడవి, ఆ ధ్వనిని పలుకుమని బిడ్డలకు నేర్పెను.

ఏ ద్వారమును తెఱవవలయునో ముఖ్యముగా నిర్ణయించునది విషయమే. దేశపటమును వినుటచే నేర్వలేము. రాగమును చూచుటచే నేర్వలేము. ఈత పుస్తకముచే రాదు. చెవియే యిష్టమైనవాడును పటము చూడవలసినదే.

ముద్రవలన గలుగు కీడు స్వల్పము కాదు. నల్లబల్లపై వ్రాత కనబడని బాలుడు, చెప్పినది విని నేర్చుకొనుచుండ, వానిది చెవిచదువని సంతోషించు పెద్దలుందురు. వానికి కావలసినవి కండ్లజోడులు. వినికిడి తక్కువైన పిల్ల పెదవులు చూచుచు నెట్టుకొని వచ్చుచుండ, కంటిచదువని పేరు పెట్టుదురు. ఇష్టమనుకొనుటకు ముందు వైద్యునకు చూపుట ధర్మము. అంతకంటె ఘోరమైనది మఱియొకటి గలదు. పాలేరు కొడుకునకు చేతిచదువువాడని పేరుపెట్టి, పుస్తకమునుండి తప్పించి పనికి పంపినచో, అది ప్రాతయన్యాయమునకు పెట్టిన క్రొత్తపేరే యగును.

అట్లని యిష్టభేదము నిరర్థకమని మేము చెప్పుటలేదు. ఇతరులతో వ్యవహరించునపుడు దానిని గుర్తించుట మర్యాద. ఇరువురన్నదమ్ములు పొలము పంచుకొందురు. ఒకనికి దస్తావేజు చదివినంతనే హద్దులు తెలియును. రెండవవానికి గట్టుమీద నడిచినగాని తెలియవు. చదివినవాడు నడువవలసినవానిని తొందరపెట్టి వ్రేలిముద్ర వేయించినచో, ఆ పంపకము కాగితముననే నిలుచును, మనస్సులలో నిలువదు. చదివి వినిపించుట, పటము చూపుట, గట్టుమీద నడిపించుట మూడును జరిగిన పంపకమునకు తగవు తక్కువ.

కావున తలిదండ్రులకు మా మనవి యిది. బిడ్డ యే ద్వారమున సులభముగా ప్రవేశించుచున్నాడో గమనింపుడు, అచట ప్రారంభింపుడు. కాని తక్కిన తలుపులకు గడియ వేయకుడు. సులభమైనది నేడు బిడ్డకు తోడగును, కష్టమైనది రేపు వానికి బలమగును.